ఒక్క కంటితో గరుడ దర్శనానికి

మా క్లబ్బులో ఎవరినడిగినా ఆ ప్రయాణం బ్రహ్మాండంగా జరిగిందనే చెబుతారు. పులిహోర బాగుందంటారు, పూతరేకులు బాగున్నాయంటారు, కోరుకొండ గాలి ఒంటికి హాయిగా ఉందంటారు. నన్నడగండి చెప్తాను. పొద్దున్న వ్యాన్ ఎక్కింది మొదలు మళ్ళీ ఇంటి గుమ్మం తొక్కేదాకా నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే ఉన్నాను. వనభోజనం ఏం తిన్నానో నాకు గుర్తు లేదు. మీలో ఎవరైనా ఆ తోటకి వెళ్ళాలనుకుంటే ముందు ఇది చదివి వెళ్ళండి.

మాది భీమవరం. మా వీధి ఆడవాళ్ళం కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నాం. గురువారం గురువారం ఎవరో ఒకరింట్లో చేరి హౌసీ ఆడతాం, కొత్త వంట ఏదైనా చేస్తే తింటాం, ఆ రోజు రాని వాళ్ళ గురించి మాట్లాడుకుంటాం. కార్తీక మాసంలో ఒక ఆదివారం వనభోజనాలకి బయటికి వెళ్తాం. ఆ ఏడు మా ప్రెసిడెంటు సుశీల గారు ఒక కొత్త సంగతి పట్టుకొచ్చారు. కోరుకొండ దారిలో ఒక మామిడితోట ఉందట, అందులో రిటైరైన పశువుల డాక్టరు గారొకరు దెబ్బ తగిలిన గద్దల్నీ డేగల్నీ చేరదీసి బాగుచేస్తారట, వచ్చిన వాళ్ళకి వాటిని ఎగరేసి చూపిస్తారట.

"గద్దల్ని చూడ్డానికి అంత దూరమెందుకండీ? మా రొయ్యల చెరువు మీద రోజూ చూస్తూనే ఉన్నాంగా," అన్నారొకరు.

"గరుడ పక్షి కూడా ఉందండి. చేతికి అందేంత దగ్గర్లో వాలుద్దట," అన్నారు సుశీల గారు.

అంతే, అందరూ మెత్తబడిపోయారు. కార్తీక మాసంలో గరుడ దర్శనం, పైగా చేతికందేంత దగ్గర్లో. నేను మాత్రం రానని చెప్పేశాను. రెక్కలున్నదేదైనా నాకు భయమే. ఇంట్లోకి పావురం వచ్చినా మంచం కిందికి దూరే మనిషిని. పైగా మా అత్తయ్య గారికి కంటి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు.

ఆ కన్ను సంగతి ఇక్కడే చెప్పేయాలి. అత్తయ్య గారికి ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. వరికోతల్లో గడ్డిపోచ గుచ్చుకుంటే ఏదో ఆకు పసరు పిండుకుని ఊరుకున్నారు, చీము పట్టి చూపు పోయింది. మిగిలింది కుడి కన్ను. దానికి శుక్లం వచ్చి ముదిరి, మనుషుల్ని గొంతుని బట్టి పోల్చుకునే దాకా వచ్చాక ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పాక కంటి డాక్టరు గారు మా ఆయన్నీ నన్నూ కూర్చోబెట్టి చెప్పారు. దుమ్ము తగలకూడదు, పొగ తగలకూడదు, నలపకూడదు, అసలు చెయ్యే తగలకూడదు. పొరపాటున దెబ్బ తగిలిందా, మళ్ళీ చేయడానికి ఏమీ ఉండదు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సరైన నిద్ర లేదు.

వ్యాన్ కబురు ఎవరు చెప్పారో గానీ, అత్తయ్య గారు మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచారు.

"ఏమే రత్నం, గరుణ్ణి చూపిస్తారటగా. నన్ను తీసుకెళ్ళు."

"ఇప్పుడా అత్తయ్య గారూ? రెండు నెలలు పోనివ్వండి."

"మా పుట్టింటి ఊళ్ళో కల్యాణం నాడు గుడి మీద గరుడుడు తిరిగేవాడే. చిన్నప్పుడు కళ్ళారా చూశాను. తర్వాత కన్ను మసకబారి, ఇన్నేళ్ళూ అదిగో అని అందరూ చేతులెత్తితే నేనూ ఎత్తాను. ఎటు తిరిగి ఎత్తానో నాకే తెలీదు. ఇప్పుడు కన్నిచ్చాడు. ఒక్కసారి చూడనియ్యి."

మా ఆయన ససేమిరా అన్నారు. తల్లీకొడుకులు రెండు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి ఆయనే దిగొచ్చి, కంట్లో వేసే చుక్కల మందు నా చేతికిచ్చారు. "అమ్మ మాట వినదు. ఆ ఒక్క కన్నూ నీ చేతుల్లో పెడుతున్నాను. ఏమైనా అయిందో, నాకు చెప్పడానికి రాకు," అన్నారు. ఇంత చక్కగా చెప్పి పంపిస్తే ఎవరికి తిండి సహిస్తుంది చెప్పండి.

రావులపాలెం

తెల్లవారక ముందే బయలుదేరాం. అత్తయ్య గారికి కిటికీ పక్క సీటు వద్దన్నాను, ఆవిడ అక్కడే కూర్చున్నారు. అద్దం మూస్తే ఉక్కపోత, తీస్తే గాలి. డ్రైవరు సత్తిబాబుకి నెమ్మదిగా పోనివ్వమని తణుకు దాకా చెబుతూనే ఉన్నాను.

"ఆయ్, అలాగేనండి," అనేవాడు, అనేసి ముందున్న బస్సుని దాటేసేవాడు.

"ఏవయ్యా, కుదుపులకి ఆవిడ తల ఊగిపోతోంది!"

"రోడ్డుదేనండీ ఆ ఊపు, నాది కాదండి."

వ్యానంతా నవ్వు. నాకు నవ్వు రాలేదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అత్తయ్య గారు సినిమా స్టారులా కూర్చున్నారని సుశీల గారు వేళాకోళం చేస్తే ఆవిడ తెగ మురిసిపోయారు.

సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం చేరేసరికి బాగా తెల్లవారింది. మా వైపు ఎటు చూసినా చెరువులే కదా, ఇక్కడ ఎటు చూసినా అరటే. సైకిళ్ళ మీద గెలలు, రిక్షాల మీద గెలలు, రోడ్డు పక్కన గెలలు. చక్రకేళి డజను పది రూపాయలన్నాడు, మా ఊళ్ళో పధ్నాలుగు. అందరూ దిగి బేరాలాడుతుంటే నేను అత్తయ్య గారి కంట్లో చుక్కలు వేశాను. మొదటి చుక్క ఆవిడ ముక్కు మీద పడింది. పక్కనే ఎస్టీడీ బూత్ ఉంటే ఇంటికి ఫోను చేశాను.

"కన్ను ఎలా ఉంది?" అన్నారు మా ఆయన. మేం ఎలా ఉన్నామని అడగలేదు.

"ఉందండి," అన్నాను.

ఆత్రేయపురం

కాలవ గట్టు వెంట వెళ్తే ఆత్రేయపురం. పూతరేకులు చేసే వాళ్ళింటి ముందు వ్యాన్ ఆపించారు సుశీల గారు. ఒకావిడ వసారాలో కూర్చుని రేకులు తీస్తోంది. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి ఆ వేడి కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతుంది, కుండ మీద ఉల్లిపొరలాంటి రేకు మిగులుతుంది. చూడ్డానికి బాగానే ఉంది గానీ వసారా నిండా పొగ. అత్తయ్య గారు తిన్నగా వెళ్ళి ఆ కుండ పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు.

"అత్తయ్య గారూ, పొగండీ!"

"పొగకేమవుద్దమ్మా? చిన్నప్పటి నుంచీ ఈ పొగలోనే ఉన్నాను, నా కళ్ళు చూడండి," అంది రేకులు తీసే ఆవిడ. చూశాను. చింతనిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. అత్తయ్య గారి రెక్క పట్టుకుని లేవదీసి గుమ్మం బయట గాలి తగిలేచోట కూర్చోబెట్టాను.

రేకులావిడ నొచ్చుకోలేదు. "కొత్త కన్నాండి? మరి చెప్పరేం," అని ఒక వట్టి రేకు తెచ్చి అత్తయ్య గారి చేతిలో పెట్టింది. అత్తయ్య గారు నల్లద్దాలు తీసి, ఆ రేకుని ముఖానికి దూరంగా పట్టుకుని వెలుతురులోకి చూశారు. రేకుకి అవతల నేనున్నాను.

"ఆపరేషన్‌కి ముందు నాకు లోకమంతా ఇలాగే ఉండేదే అమ్మాయ్," అన్నారు. "నువ్వున్నావని తెలిసేది. నవ్వుతున్నావో ఏడుస్తున్నావో తెలిసేది కాదు."

తర్వాత ఆ రేకుని మడిచి నోట్లో వేసుకున్నారు. నేను అద్దాలు మళ్ళీ పెట్టాను. నాకు కాస్త ఏడుపొచ్చిన మాట నిజం.

బ్యారేజీ మీద

బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ ఎక్కాం. ఇరుకు రోడ్డు, ఎదురుగా గడ్డి లారీ, పక్కన గోదావరి. లారీ వాడు వెనక్కి వెళ్ళనంటాడు, మా సత్తిబాబు వెళ్ళలేనంటాడు. ఇద్దరూ దిగి మర్యాదగా, ఏవండీ అంటే ఏవండీ అనుకుంటూ పోట్లాడుకున్నారు. ఈలోగా లారీ మీద గడ్డి గాలికి లేచి పోచలు పోచలుగా మా కిటికీల్లోంచి లోపల పడడం మొదలుపెట్టింది.

గడ్డిపోచ! ఎడమ కన్ను పోయింది దేనివల్లో మీకు చెప్పాను కదా. నేను పమిట తీసి ఆవిడ ముఖమంతా కప్పేశాను. ఆవిడ తోసేశారు. మళ్ళీ కప్పాను.

"గోదారమ్మని కూడా చూడనివ్వవా?" అని కసురుకున్నారు.

"రేపు చూద్దురు గాని."

"రేపేముందే నా మొహం, ఇవాళ ఇక్కడున్నాం!"

మిగతా వాళ్ళు నదిలో చిల్లర వేసి దణ్ణాలు పెడుతున్నారు. పమిట కింద నుంచే ఆవిడ కూడా ఒక రూపాయి విసిరారు, అది లారీ డ్రైవరుకి తగిలింది. వాడు నవ్వి లారీ వెనక్కి తీశాడు. అందుకే తీశాడని అత్తయ్య గారు ఇప్పటికీ చెబుతుంటారు.

కొండ కింద

రాజమండ్రిలో ఆగకుండా కోరుకొండ చేరాం. నిట్టనిలువు మెట్లు. ఎండెక్కక ముందే ఓపికున్న వాళ్ళు ఎక్కి వచ్చారు. అత్తయ్య గారూ నేనూ కిందే ఒక పూల దుకాణం పక్కన కూర్చున్నాం. ఆవిడ అద్దాలు తీసి కొండ మీద గోపురాన్ని చాలాసేపు చూశారు. ఆకాశంలో దూరంగా రెండు మూడు పక్షులు తిరుగుతున్నాయి.

"అవేనా?" అన్నారు.

"ఏమో అత్తయ్య గారూ, గద్దలేమో."

"నీకు కనిపించడం లేదా? నీకు రెండున్నాయిగా!"

పూలమ్మే ఆవిడ చేతిలో మాల అలాగే పట్టుకుని పైకి చూసి, "తెల్ల రొమ్ముంటే గరుడుడండి. అంత దూరానికి తేలవు," అంది. అత్తయ్య గారు నిట్టూర్చి అద్దాలు పెట్టుకున్నారు.

తోట

డాక్టరు గారి తోట అక్కడికి దగ్గరే. ఉసిరి చెట్టు కింద ఆకులేసుకుని భోజనాలు చేశాం. పులిహోర, పనసకాయ కూర, పెరుగన్నం, అన్నీ ఉల్లిపాయ లేకుండా. నేను తిన్నానంటున్నారు, తినే ఉంటాను. కానీ నా చూపంతా అవతల ఉంది. మామిడి చెట్ల మధ్య ఖాళీ జాగా, దాని చివర కర్ర దిమ్మెలు, ఒక్కో దిమ్మె మీద తోలు తాళ్ళతో కట్టేసిన ఒక్కో పక్షి. అవి మమ్మల్నే చూస్తున్నాయి. గద్ద ఆకాశంలో ఉన్నప్పుడు మనకి తెలియదు గానీ, ఎదురుగా కూర్చుంటే దాని ముక్కు మనల్ని చీల్చడానికే పెట్టినట్టుంటుంది.

డాక్టరు గారు సన్నగా పొడుగ్గా ఉన్నారు. చేతికి మోచేతి దాకా మందపాటి తోలు తొడుగు. ఎడమ కనుబొమ మధ్యకి చీలి, అక్కడ వెంట్రుకలు లేకుండా ఒక తెల్లటి గాటు. నా కళ్ళు దాని మీంచి మరలలేదు.

మొదట గుడ్లగూబని తెచ్చారు. "అమ్మో, దాన్ని చూపించకండి బాబూ, పట్టపగలు!" అని అందరూ మొహాలు తిప్పేసుకున్నారు. ఆయన నవ్వుకుంటూ దాన్ని లోపల పెట్టేశారు. తర్వాత డేగ. దాని ముందు కోడిమెడ ముక్క పెడితే అది కాలితో నొక్కి పట్టి చీల్చింది.

"కార్తీక మాసంలో ఇదేం దర్శనమండీ!" అన్నారు సుశీల గారు, మూతికి పమిట అడ్డం పెట్టుకుని.

"దానికి కార్తీకం లేదు కదండీ," అన్నారాయన.

ఆ గోళ్ళు మాంసంలోకి ఎలా దిగాయో చూశాక నాకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. వెనక వరసలోకి వెళ్దామని అత్తయ్య గారిని బతిమాలాను. ఆవిడ మొదటి వరసలో, మధ్య కుర్చీలో, గట్టిగా కూర్చున్నారు.

"ఉన్నది ఒక్క కన్నాయె. వెనక కూర్చుంటే ఏం కనిపిస్తుందే?"

అప్పుడు డాక్టరు గారు మా ముందుకొచ్చారు. "అమ్మా, ఇప్పుడు గరుడ పక్షిని వదుల్తాను. కట్టెయ్యనండి, ఎగిరి తిరుగుద్ది. ఒక్కటే మాట. అది గాల్లో ఉన్నంతసేపూ ఎవరూ చెయ్యి పైకెత్తకూడదు. ఎత్తిన చెయ్యే దానికి పిలుపండి. నేనలా అలవాటు చేశాను, చేతిలో మాంసం ఉంటుందని వస్తుంది. దానికి ఏ చెయ్యి దగ్గరగా, ఎత్తుగా కనిపిస్తే ఆ చేతి మీదికి వచ్చేస్తుంది."

"ఎత్తం, ఎత్తం," అన్నారందరూ, చిన్నపిల్లల్లా చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"పొరపాటున ఎత్తారే అనుకోండి, అది కిందికి దిగి వచ్చేస్తున్నప్పుడు మాత్రం దించకండి. చోటు దొరక్క, ఏది దొరికితే అది పట్టుకుంటుంది. భుజమో, మొహమో." తన కనుబొమ మీద వేలు పెట్టి చూపించారు. "ఇది అలా వచ్చిందేనండి. ఇంకొంచెం కిందికైతే కన్ను పోయేది."

అత్తయ్య గారి వైపు తిరిగి, "విన్నారా? విన్నారా?" అన్నాను.

"విన్నానే, చెవులు రెండూ ఉన్నాయి," అన్నారు.

చేతులు

డాక్టరు గారు జాగాకి ఆ చివరకి నడిచి, పక్షి తాడు విప్పారు. అది రెక్కలు విప్పగానే అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఇటుక రంగు రెక్కలు, తెల్లటి తల, తెల్లటి రొమ్ము. మొదట చెట్ల ఎత్తున ఒక చుట్టు తిరిగింది. తర్వాత గాలి పట్టుకుని పైకి, ఇంకా పైకి వెళ్ళింది. అత్తయ్య గారు నల్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను పెట్టుకోమన్నాను, వినలేదు.

పక్షి సరిగ్గా మా నెత్తి మీదికి వచ్చి ఎండలో మెరిసింది.

"గరుడాళ్వారు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ఎవరినీ అనడానికి లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఉన్న అలవాటు. ఉన్నవాళ్ళందరం లేచి నిలబడి, రెండు చేతులూ నెత్తి మీదికెత్తి దణ్ణం పెట్టేశాం. నేను కూడా! అంత భయపడిన దాన్ని, అంతసేపు హెచ్చరికలు చేసిన దాన్ని, నా చేతులు కూడా వాటంతటవే లేచిపోయాయి. లేవలేక కుర్చీలోనే ఉన్నది అత్తయ్య గారొక్కరే. ఆవిడ చేతులు మాత్రం అందరికంటే నిటారుగా లేచాయి.

"దించండి! చేతులు దించండి!" అని ఆ చివర నుంచి డాక్టరు గారి కేక.

పక్షి ఇంకా పైనే ఉంది. అందరం గబుక్కున దించేశాం. కొందరు కుర్చీల వెనక నక్కారు. అత్తయ్య గారు దించలేదు. చూస్తే ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. పెదాలు కదులుతున్నాయి. ఇన్నేళ్ళ కోరిక కదా, ఎవరి కేకా ఆవిడ చెవిన పడలేదు.

తలెత్తి చూశాను. అది రెక్కలు ముడిచి దిగుతోంది. తిన్నగా మా మీదికి. డాక్టరు గారు తొడుగు చెయ్యెత్తి పరుగెత్తి వస్తున్నారు, ఈలలు వేస్తున్నారు, కానీ ఆయన చాలా దూరం. ఆవిడ చేతులు లాగేయబోయి ఆగిపోయాను. దించితే మొహం. ఆ మాట నా చెవుల్లో గింగురుమంది. దించితే మొహం, దించకపోతే ఆ ముసలి చేతులు ఆ బరువుకి ఎలాగూ ముఖం మీదికి వాలిపోతాయి. ఎటు చూసినా ఆ కన్నే.

ఆ దిగి వచ్చేదానికి ఇంకో ఎత్తైన చెయ్యి కావాలి. ఆవిడ పక్కన నిలబడి ఉన్నదాన్ని నేనే.

చెయ్యెత్తాను. ధైర్యం అనుకునేరు, కాదు. నోట్లోంచి "వద్దు వద్దు వద్దు" అని అరుస్తూనే, ఏడుస్తూనే ఎత్తాను. ఆవిడ చేతుల కంటే పైకి, మునివేళ్ళ మీద లేచి ఎత్తాను.

గాలి చప్పుడు. మొహం మీద ఏదో విసనకర్రతో కొట్టినట్టయింది. గాజులు పగిలాయి. తర్వాత మంట, మోచేతికి కింద. చెయ్యి కిందికి జారబోతే రెండో చేత్తో పట్టుకుని నిలబెట్టాను.

"కదలకండమ్మా! నా తల్లే, కదలకండి! దాని కళ్ళలోకి చూడకండి!" అంటున్నారు డాక్టరు గారు.

ఎక్కడ చూడను మరి? తల దించి అత్తయ్య గారిని చూశాను. నా చేతికి కాస్త కింద ఆవిడ ముఖం. మూసుకున్న ఆ రెప్ప, అరిగిపోయిన పట్టు గుడ్డలా పల్చగా, కింద గుడ్డు కదులుతూ కనిపిస్తోంది. నా చేతి మీంచి ఒక నెత్తుటి చుక్క జారి ఆవిడ భుజం మీద పడింది. ఆవిడకి తెలియలేదు. అది గట్టిగా పట్టు బిగించినప్పుడల్లా నాకు కాళ్ళు తేలిపోయేవి. ఇప్పుడు పడిపోయానా, పక్షితో సహా ఆవిడ మీదే పడతాను అనుకుంటూ నిలబడ్డాను.

తోలు తొడుగు నా పక్కకొచ్చింది. మాంసం ముక్క కనిపించింది. ఒక్కో గోరూ వదిలింది. బరువు పోయింది.

డాక్టరు గారు దాన్ని గబగబా గూటిలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు. నేను నేల మీద కూలబడ్డాను. అప్పుడు అత్తయ్య గారు చేతులు దించి, చెంపలు వేసుకుని, కన్ను తెరిచి ఆకాశమంతా వెతికారు.

"ఏడే? వెళ్ళిపోయాడా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "చేతులు దించమంటే వినపడదా మీకు? ఆ కన్ను కాస్తా పోతే ఎవరండీ సమాధానం చెప్పేది? నేనేం చెప్పాలి మీ అబ్బాయికి?" అని అరిచాను. కాపురానికి వచ్చింది మొదలు ఆవిడ మీద గొంతెత్తింది అదే మొదటిసారి. అత్తయ్య గారు నా చేతినీ, పగిలిన గాజు ముక్కల్నీ, తన భుజం మీది నెత్తుటి చుక్కనీ చూశారు.

కట్టు

డాక్టరు గారు టింక్చరు పోసి దూది పెట్టి కట్టు కట్టారు. గేదెలకి కట్టేంత గుడ్డ చుట్టారు. రాజమండ్రిలో ఆగి సూది మందు వేయించుకోమని ఒకటికి రెండుసార్లు చెప్పారు.

"అమ్మా, మీరు చూడనే లేదు కదండీ," అన్నారు అత్తయ్య గారితో. "గూటిలో ఉంది. తాడు కట్టి తీసుకొస్తాను. మీ ఎదురుగా దిమ్మె మీద పెడతాను. ఈసారి ఏ భయమూ లేదు."

వద్దని అనలేను. ఆవిడ ఎందుకొచ్చారో నాకు తెలుసు. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

అత్తయ్య గారు గూటి వైపు చూశారు. అక్కడ జాలీ వెనక ఏదో కదులుతోంది గానీ ఆ దూరానికి ఆవిడకి తేలదు. కాసేపు అటే చూసి, ఒళ్ళో ఉన్న నల్లద్దాలు తీసి తానే పెట్టుకున్నారు. పొద్దుటి నుంచీ నేను చెప్పకుండా పెట్టుకోవడం అదే.

"వద్దు బాబూ. మా అమ్మాయి భయపడుద్ది," అన్నారు.

ఆవిడ తన కూతుళ్ళని కూడా మా అమ్మాయి అని అలా అనడం నేను వినలేదు.

రాజమండ్రిలో ఒక నర్సింగ్ హోంలో సూది వేయించుకున్నాను. ఏం కరిచిందని అడిగాడు కాంపౌండరు. గరుడ పక్షి అంటే నమ్మలేదు. కుక్క అనే రాసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఎవరూ హౌసీ ఆడలేదు. బ్యారేజీ మీద మళ్ళీ గాలి. అత్తయ్య గారు తన కొంగుతో తానే ముఖం కప్పుకున్నారు. రెండో చేత్తో నా కట్టు కింద చెయ్యి వేసి, కుదుపులకి తగలకుండా భీమవరం దాకా పట్టుకునే కూర్చున్నారు.

ఇల్లు

మా ఆయన అరుగు మీదే ఉన్నారు. వ్యాన్ ఆగగానే తల్లిని దింపుకుని లోపలికి తీసుకెళ్ళి, ట్యూబులైటు కింద కూర్చోబెట్టి, అద్దాలు తీసి కంట్లోకి చూశారు. ఎర్రబడలేదు. నీరు కారలేదు. ఆయన భుజాలు అప్పటికి దిగాయి.

"హమ్మయ్య. బానే తీసుకొచ్చావే," అన్నారు నా వైపు చూడకుండానే. "ఏమ్మా, చూశావా గరుణ్ణి?"

"లేదురా. ఆ వేళకి కళ్ళు మూసుకున్నాను."

"అంత దూరం వెళ్ళి కళ్ళు మూసుకున్నావా!" అని పగలబడి నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఆయన నా చెయ్యి చూశారు. నవ్వాగిపోయింది.

"ఇదేంటి రత్నం?"

నేను నోరు తెరవబోతుంటే అత్తయ్య గారు, "ఇలా రావే," అన్నారు. వెళ్ళి ఆవిడ ముందు కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, ఆ గేదె కట్టు మెల్లగా, ఒక్కో చుట్టూ విప్పారు. లైటు వెలుతురులోకి తిప్పి, ఆ కంటిని దగ్గరగా పెట్టి చూశారు. పైన మూడు గాట్లు, కిందివైపు ఒకటి, లోతుగా. చుట్టూ నల్లగా కమిలి ఉంది.

"ఇవేనా వాడి గోళ్ళు?" అన్నారు.

"ఆఁ."

"నా మొహం మీదికేనా వచ్చింది?"

మా ఆయన గోడకి ఆనుకుని నిలబడిపోయారు. అత్తయ్య గారు ఆ గాట్లని చాలాసేపు చూశారు. కోరుకొండ మీద గోపురాన్ని కూడా ఆవిడ అంతసేపు చూడలేదు. తర్వాత, నేను ఏం జరుగుతోందో గ్రహించే లోపలే, నా చేతిని రెండు చేతులతో పైకెత్తి, ఆ గాట్లని తన కళ్ళకద్దుకున్నారు. టింక్చరూ నెత్తురూ ఇంకా ఆరని చెయ్యి, ఏదీ తగలకూడదన్న ఆ కంటికి!

"కన్ను! అత్తయ్య గారూ, కన్ను!" అని ఇల్లదిరిపోయేలా అరిచాను.

"ఉండవే," అన్నారు ఆవిడ, వదలకుండా.